హాజరు అన్న మాటకు మన తెగల్లో రెండు అర్థాలు

బడిలో టీచరు పేరు పిలిస్తే ఈనాటి పిల్లలు చెప్పే జవాబు హాజరు. మన తాతముత్తాతలకు మాత్రం అది సెటిల్‌మెంటు మేనేజరు ముందు, పోలీసు ముందు నిలబడి చెప్పాల్సిన మాట. పిల్లలకు చదువు మీద ఆసక్తి ఎలా కలిగించాలి అని ఎన్నో సమావేశాల్లో వింటూ ఉంటాం. ఈ రెండో అర్థాన్ని అక్కడ ఎవరూ తలవరు. గుంటూరు, ప్రకాశం జిల్లాల ఎరుకల, యానాది, సుగాలీ పిల్లలతో వసతి గృహాల్లో రోజూ గడిపే మాకు మాత్రం అది తరచూ గుర్తొస్తుంది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ముందుగా ఒక సంగతి తెలుసుకోండి. మనవాళ్లు లెక్కలు రానివాళ్లు కారు. కోస్తా ఉప్పును ఎడ్ల మీద, గాడిదల మీద వేసుకుని లోపలి సీమలకు తీసుకుపోయి, అక్కడి ధాన్యం తెచ్చి అమ్మిన వ్యాపారులు ఎరుకలవారు. సుగాలీల ఎడ్ల బిడారులదీ అదే బాట. ఎంత ఉప్పుకు ఎన్ని మానికల జొన్నలు, దారి ఖర్చు పోను మిగిలేదెంత, అంతా నోటి లెక్కే. రైళ్లు వచ్చాయి, ఉప్పు మీద సర్కారు గుత్తాధిపత్యం వచ్చింది, 1876-78 కరువు వచ్చింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో బుట్టలల్లే వెదురుకూ అడ్డు పడింది. బతుకుతెరువు పోయి తిరుగుతున్న మనిషిని దొంగ అనడం సర్కారుకు సులువైంది. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం, 1911 చట్టంతో మద్రాసు రాజధానికీ వర్తించింది.

బాపట్ల, చీరాల మధ్య ఉన్న స్టువర్ట్‌పురం అలా పుట్టింది. 1913-14 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన ఈ సెటిల్‌మెంటుకు మద్రాసు ప్రభుత్వంలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. చీరాల ఐ.ఎల్.టి.డి. పొగాకు కంపెనీకి ఇక్కడి నుంచే కూలీలు వెళ్లేవారు. 1911 చట్టంలో పిల్లల కోసం ప్రత్యేకంగా ఒక సెక్షను కూడా ఉంది. 6 ఏళ్లు దాటి 18 ఏళ్ల లోపు ఉన్నవారిని తల్లిదండ్రుల నుంచి వేరు చేసి సంస్కరణ పాఠశాలల్లో, పారిశ్రామిక పాఠశాలల్లో ఉంచే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అంటే మన వాళ్లలో చాలామందికి బడి మొదటిసారి కనిపించింది శిక్షలో భాగంగానే. అక్షరం రాలేదని కాదు, వచ్చింది. ఆ ఊరి నుంచి తర్వాతి తరాల్లో ఉపాధ్యాయులూ, ఉద్యోగులూ వచ్చారు. కానీ పిల్లవాడు బడికి ఎందుకు పోవాలి అన్న ప్రశ్నకు ఆ రోజుల్లో దొరికిన జవాబు భయం ఒక్కటే.

టీచర్ ట్రైనింగులో బాహ్య ప్రేరణ, అంతర్గత ప్రేరణ అని మేం పరీక్షకు బట్టీ పట్టిన పాఠానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ మాకు ఏ పుస్తకంలోనూ దొరకలేదు.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టం 1947లో పోయింది. 1952 ఆగస్టు 31న దేశమంతటా రద్దయింది. ఆ రద్దు కోసం, ముఖ్యంగా యానాదుల కోసం పాటుపడిన నెల్లూరు జిల్లా వెన్నెలకంటి రాఘవయ్య గారికి 1973లో పద్మభూషణ్ వచ్చింది. 1970లలో హేమలతా లవణం, లవణం దంపతులు స్టువర్ట్‌పురంలో పనిచేశారు. హేమలత గారు గుర్రం జాషువా కుమార్తె. చట్టం పోయినా పేరు పోలేదు. 1991లో ఒకటి, 2023లో ఇంకొకటి అంటూ సినిమాలు ఆ ఊరి పేరును దొంగతనంతో ముడిపెడుతూనే ఉన్నాయి. తరగతిలో పెన్సిలు కనిపించకపోతే ముందుగా ఎవరి సంచీ వెతుకుతారో మా పిల్లలకు తెలుసు. అలా ఒకసారి వెతికించుకున్న పిల్లను మళ్లీ అదే బెంచీ మీద కూర్చోబెట్టడం బహుమతులతోనో ఉపన్యాసాలతోనో అయ్యే పని కాదు.

ఇక రెండో గండం పంట కాలం. పత్తి తీతలు ముగియక ముందే మిరప కోతలు మొదలవుతాయి. సంక్రాంతికి ఇంటికి వెళ్లిన పిల్లలు కొందరు వెంటనే తిరిగి రారు. తల్లిదండ్రులను తప్పు పట్టలేం, కల్లాంలో తాలుకాయలు ఏరే చిన్న చేతికీ కూలి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో గిరిజనుల అక్షరాస్యత 2001లో 37 శాతం, 2011లో 49 శాతం. ఆ మిగిలిన సగంలో ఇలాంటి సంక్రాంతులు ఎన్ని ఉన్నాయో.

తిరిగి వచ్చిన పిల్లలకు లెక్కల పుస్తకం తెరవక ముందు మేం ఒక పని చేస్తాం. కోతలో చూసినది చెప్పమంటాం. కాటా, తరుగు, టిక్కీ, ముఠా మేస్త్రీ, అన్నీ వాళ్ల నోటి నుంచే వస్తాయి. ఆ తర్వాత బోర్డు మీద లెక్క రాస్తాం: ఇంటిల్లిపాదీ రోజుకు 96 కిలోలు కోశారు, మేస్త్రీ చీటీలో 90 రాశాడు, వారానికి ఎంత పోయింది? వెనక బెంచీల్లో తల వంచుకుని కూర్చునే పిల్లలే ముందు లేస్తారు. నలభై రెండు కిలోలు, దాదాపు ఒక టిక్కీ బరువు! ఒక ఆరో తరగతి అమ్మాయి ఆ వారమే వాళ్లమ్మకు ఫోను చేసి చీటీ దాచిపెట్టమని చెప్పింది. దశాంశాలు నేర్పడానికి ఆ పిల్లను మేం బతిమాలాల్సిన అవసరం రాలేదు.

భాష సంగతీ ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2003-04 ప్రాంతంలో సవర, కోయ, గోండి, బంజారా వంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతుల బోధన మొదలుపెట్టారు. ఎరుకల భాషకు ఆ జాబితాలో చోటు దక్కలేదు. మన ఇళ్లలో నానమ్మలు ఇంకా ఆ మాటలు మాట్లాడుతున్నారు. వాటిని రాసి పెట్టే పని మీలో డిగ్రీ చేసినవాళ్లు మొదలుపెట్టవచ్చు, నోటుపుస్తకం చాలు. ఫిబ్రవరి, మార్చి ఆదివారాల్లో దగ్గరలోని వసతి గృహానికి వెళ్లి రెండు గంటలు కూర్చోండి. పదో తరగతి పిల్లలకు పరీక్షలు దగ్గర పడే నెలలవి. మిరప చేలు రమ్మని పిలిచేదీ అప్పుడే.