గాజీపూర్ ప్రజల గోడు ఢిల్లీకి చేరిన కథ

మన సంఘ సభ్యులకు అర్జీలంటే కొత్త కాదు. బడికి ఉర్దూ టీచరు కావాలని, వీధికి కుళాయి కావాలని, ఖబరస్తాన్‌కు ప్రహరీ కట్టించమని ఎన్ని కాగితాలు రాయలేదు! రాసిన కాగితం ఏ బల్ల మీది నుంచి ఏ బల్ల మీదికి పోతుందో, ఎక్కడ ఆగుతుందో అల్లాకే ఎరుక. ఈ సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని పెద్దలు అడిగినప్పుడు, రాజులనూ కోటలనూ ఈసారికి పక్కన పెట్టి, ఒక జిల్లా ప్రజల గోడు పార్లమెంటు దాకా పోయిన కథ చెబుదామనిపించింది. ఆ జిల్లా ఉత్తర ప్రదేశ్‌ తూర్పు కొసన ఉన్న గాజీపూర్. ఆ గోడు మోసుకుపోయినవారు 1962 ఎన్నికల్లో అక్కడి నుంచి లోక్‌సభకు గెలిచిన శ్రీ విశ్వనాథ్ సింగ్ గహమరీ.

గాజీపూర్ మనకు బొత్తిగా తెలియని పేరేమీ కాదు. 1965 యుద్ధంలో ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ పొలాల్లో, జీపు మీద బిగించిన ఫిరంగితో ప్యాటన్ ట్యాంకులను పేల్చి, సెప్టెంబరు 10న ప్రాణమిచ్చి పరమవీర చక్ర పొందిన హవల్దార్ అబ్దుల్ హమీద్ ఈ జిల్లాలోని ధాముపూర్ వాడు. 1927లో మద్రాసు కాంగ్రెసుకు అధ్యక్షత వహించిన డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ గారు పుట్టిన యూసఫ్‌పూర్ కూడా ఇక్కడిదే. ఇక సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ గారు అలీగఢ్ పోకముందు ఇక్కడ న్యాయాధికారిగా పనిచేశారు. ఇంగ్లీషులో ఉన్న శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి తేవాలని 1864 జనవరిలో సైంటిఫిక్ సొసైటీని స్థాపించింది గాజీపూర్‌లోనే. ఆయనకు బదిలీ అయ్యేసరికి సొసైటీ కూడా ఆయన వెంట అలీగఢ్ పోయింది. పుట్టింది ఒకచోట, పేరు దక్కింది ఇంకొకచోట. మా బడి పిల్లలకు ఈ సంగతి నేను ప్రతి ఏడూ చెబుతూనే ఉంటాను.

ఇంత పేరున్న జిల్లాకు కూడు మాత్రం కరువే. ఇంగ్లీషు కంపెనీ వాళ్ళు 1820లో అక్కడ నల్లమందు ఫ్యాక్టరీ పెట్టారు. రైతుకు ముందుగా బయానా ఇచ్చి గసగసాల పంట వేయించి, తాము కట్టిన ధరకే సరుకు తీసుకునేవారు. భూమి తక్కువ, జనం ఎక్కువ. బతకలేనివాళ్ళు గిర్మిట్ కాగితాల మీద వేలిముద్రలు వేసి మారిషస్, ఫీజీ, ట్రినిడాడ్ పోయారు. మన కోరంగి వైపు రేవుల నుంచి తెలుగు కూలీలు వెళ్ళిన ఆ మారిషస్‌కే, అదే చెరుకు తోటలకే, ఈ భోజ్‌పురి జనమూ వెళ్ళారు. ఊళ్ళో మిగిలినవాళ్ళకు పట్టాళం నౌకరీ ఒక ఆధారం. గహమరీ గారి స్వగ్రామం గహమర్ అయితే సిపాయిల ఊరనే పేరు పడింది. (హిందీలో మొదటి తరం డిటెక్టివు నవలలు రాసిన గోపాల్‌రామ్ గహమరీ కూడా ఈ ఊరివారే. మన ఎంపీ గారు వేరు, ఆయన వేరు.)

ఈ జిల్లా కష్టం అర్థం కావాలంటే పటం ఒకసారి చూడాలి. గంగ జిల్లాను రెండు ముక్కలుగా కోస్తుంది. కలెక్టరు కచేరీ, కోర్టు, పెద్దాసుపత్రి అన్నీ ఉత్తరపు ఒడ్డున గాజీపూర్ పట్నంలో. గహమర్, జమానియా, దిల్దార్‌నగర్, దాని చుట్టూ కమ్సార్ పఠాన్ల ఊళ్ళు దక్షిణపు ఒడ్డున. కలకత్తా నుంచి ఢిల్లీ పోయే పెద్ద రైలు లైను కూడా దక్షిణపు ఒడ్డునే నడుస్తుంది. దానికి దిల్దార్‌నగర్ దగ్గర ఒక చిన్న కొమ్మ తీసి 1880లో తారీఘాట్ దాకా వేశారు. తారీఘాట్ అంటే గంగ ఒడ్డు. ఎదురుగా గాజీపూర్ కళ్ళకు కనబడుతూనే ఉంటుంది, రైలు మాత్రం అక్కడే ఆఖరు. దిగి, సామాను దించుకుని, నది దాటే సాధనం చూసుకోవాలి. అవతలి ఒడ్డున తర్వాత రైలు వచ్చింది గానీ అది మీటర్ గేజి, ఇది బ్రాడ్ గేజి. ఒకే జిల్లాలో రెండు రైళ్ళు, ఒకదాని ముఖం ఒకటి చూడవు. వాన కాలంలో గంగ పొంగితే దక్షిణపు ఒడ్డువాళ్ళకు సొంత జిల్లా కచేరీ పరదేశమే. కాన్పు కష్టమైన ఆడమనిషిని మంచం మీద మోసుకొచ్చి ఆ ఒడ్డున దించితే, అక్కడి నుంచి ఆసుపత్రికి దారి ఏది?

ఇటువంటి సంగతులను పాలకుల ముందు అడిగే హక్కు మన దేశస్థులకు తేరగా రాలేదు. 1892 చట్టంతో శాసన మండలి సభ్యులకు ప్రశ్న వేసే వీలు కలిగింది. జవాబు విని నోరు మూసుకోవలసిందే, మళ్ళీ అడగడానికి లేదు. వేసిన ప్రశ్న మీద ఇంకో ప్రశ్న అడిగే వీలు 1909 సంస్కరణలతో వచ్చింది, అదీ మొదట అడిగినవాడికే. స్వతంత్రం వచ్చాక పల్లెటూరి ఎంపీకి ఉన్న ఆయుధాలు అవే: ముందుగా నోటీసు ఇచ్చి వేసే ప్రశ్న, చర్చలో దొరికే నాలుగు నిమిషాలు. మా ఊరికి పోస్టాఫీసు, మా స్టేషనులో మెయిలు బండి ఆపండి, మా వాగుకు వంతెన. ఈ మాటలు వింటే ఢిల్లీ పత్రికల వాళ్ళకు ఆవలింత వస్తుంది గానీ, నా దృష్టిలో పార్లమెంటు చేయవలసిన పని సగం ఇదే.

గహమరీ గారు 1962లో లోక్‌సభలో తూర్పు జిల్లాల దరిద్రాన్ని గురించి మాట్లాడారు. పేదరికం ఉంది, సాయం చేయండి అని ఊరుకుంటే, అటువంటి ఉపన్యాసాలు ఆ సభ ఎన్ని వినలేదు! ఆయన చెప్పింది ఒక్క సంగతి. కళ్ళంలో ఎడ్లను తిప్పి పంట తొక్కించేటప్పుడు అవి కొంత ధాన్యం మేస్తాయి. అరగని గింజలు పేడలో పడతాయి. ఆ పేడను కడిగి, గింజలు ఏరి, ఎండబెట్టి, విసిరి, ఆ పిండితో రొట్టె కాల్చుకుని మా జిల్లాలో మనుషులు కడుపు నింపుకుంటున్నారు అన్నారు.

ఇది కల్పన కాదు, ఒక ఏటి కరువుకు పుట్టిన అలవాటు కూడా కాదు. తూర్పు యూపీలో దానికి గోబర్‌హా అని పేరే ఉంది. కళ్ళంలో పనిచేసిన దళిత కూలీలకు ఆ పేడ గింజలు కూలి కింద లెక్క! పేరు పెట్టి, వాడుక చేసి, తరతరాలుగా నడిపించారంటే ఆకలి ఒక్కటే దానికి కారణం కాదు, పెట్టినవాడి చెయ్యి కూడా ఉంది. గహమర్ రాజపుత్రుల ఊరు. పేడ గింజలు ఏరుకున్నది ఆ ఊరి పెద్దిళ్ళవాళ్ళు కారు. తమ ప్రాంతం సిగ్గును నిండు సభలో విప్పి చెప్పడానికి ఆయన వెనుకాడలేదు, దాన్నే నేను గొప్ప అంటాను.

ఆ మాటలు విని ప్రధాని నెహ్రూ గారు కంటతడి పెట్టారని గాజీపూర్‌లో నేటికీ చెప్పుకుంటారు. సభా కార్యక్రమాల పుస్తకంలో మాటలు రాస్తారు, కన్నీళ్ళు రాయరు. రాతలో మిగిలింది ఏమిటంటే, ఆ ఏడే ప్రణాళికా సంఘం ఒక అధ్యయన బృందాన్ని వేసింది. బి. పి. పటేల్ దాని అధ్యక్షులు గనుక పటేల్ కమిటీ అని పేరు పడింది. గాజీపూర్‌తో పాటు ఆజంగఢ్, దేవరియా, జౌన్‌పూర్ జిల్లాలు దాని పరిధి. ఒక్క జిల్లా ఎంపీ నోరు విప్పితే నాలుగు జిల్లాలకు లెక్క తీశారన్నమాట.

కమిటీ 1964లో నివేదిక ఇచ్చింది. సాగునీరు, రోడ్లు, చిన్న పరిశ్రమలతో పాటు గంగ మీద వంతెన, తారీఘాట్ దగ్గర ఆగిపోయిన రైలును అవతలి ఒడ్డుకు దాటించడం అందులో ఉన్నాయి. ఆ రైలు మవు దాకా పోవాలన్నది ప్రజల కోరిక. మవు అంటే అప్పుడు ఆజంగఢ్ జిల్లాలోని నేతగాళ్ళ పట్నం. మన మోమిన్ అన్సారీ సోదరులు వేల మగ్గాల మీద చీరలు నేసే ఊరు. నూలు దిగాలన్నా చీర ఎక్కాలన్నా రైలు ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే కాలం కలిసి రాలేదు. కమిటీ వేసిన ఏడాదే చివర చైనాతో యుద్ధం. 1964 మే 27న నెహ్రూ గారు కన్నుమూశారు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, వెనువెంట కరువు. 1966 నుంచి 1969 దాకా పంచవర్ష ప్రణాళికకే విరామం. 1967లో గాజీపూర్ స్థానం కమ్యూనిస్టు నాయకుడు సర్జూ పాండేది అయింది. కన్నీరు పెట్టిన ప్రధాని లేడు, పెట్టించిన ఎంపీ సభలో లేడు, నివేదిక మాత్రం అలమరలో ఉంది. అధికారులను అంటే ఏం లాభం అనేవారున్నారు. నేను అంటాను! యుద్ధాలు రెండూ అయిపోయి దశాబ్దాలు గడిచినా ఆ రైలు గంగ దాటలేదంటే, ఆ ఆలస్యానికి యుద్ధం పేరు చెప్పడం చెల్లదు.

రోడ్డు వంతెన ముందు వచ్చింది. దానికి అబ్దుల్ హమీద్ పేరు పెట్టారు, హమీద్ సేతు అంటారు. పంజాబు సరిహద్దులో నేలకొరిగిన ధాముపూర్ బిడ్డ పేరు మీదుగా జమానియా రైతు, దిల్దార్‌నగర్ దుకాణదారు జిల్లా కోర్టుకు పోతున్నారు. పేరు పెట్టడమంటే ఇట్లా ఉండాలి, రోజూ పనికొచ్చే దానికి పెట్టాలి.

రైలు సంగతి ఇంకా వెనుక. ఎన్ని ఎన్నికలు జరిగినా, ఏ పార్టీ గెలిచినా, గహమరీ గారి ఉపన్యాసాన్నీ పటేల్ కమిటీనీ ఆ జిల్లావాళ్ళు మరిచిపోలేదు. చదువు రాని ముసలివాళ్ళు కూడా కమిటీ పేరు చెప్పేవారట. చివరికి గాజీపూర్ ఎంపీ మనోజ్ సిన్హా రైల్వే సహాయ మంత్రిగా ఉన్న కాలంలో, 2016 నవంబరు 14న, సరిగ్గా నెహ్రూ గారి పుట్టినరోజున, ప్రధాని నరేంద్ర మోదీ గాజీపూర్‌లో ఈ పనికి శంకుస్థాపన చేశారు. తారీఘాట్, గాజీపూర్, మవులను కలిపే 51 కిలోమీటర్ల లైను, రైలుకూ రోడ్డుకూ కలిపి గంగ మీద కొత్త వంతెన. ఆనాటి ప్రసంగంలో గహమరీ గారి పేరు, నెహ్రూ గారి కన్నీళ్ళ ముచ్చట కూడా వచ్చాయి. అడిగింది ఒక పార్టీ ఎంపీ, వేయించింది మరో పార్టీ మంత్రి. మధ్యలో యాభై నాలుగేళ్ళు.

2024 మార్చిలో మొదటి భాగం తెరిచారు. దిల్దార్‌నగర్ వైపు నుంచి వచ్చిన రైలు గంగ దాటి గాజీపూర్ సిటీ స్టేషనులో ఆగింది. 1962లో ఆ ఉపన్యాసం నాటికి పుట్టిన పిల్లవాడికి అప్పటికి అరవై రెండేళ్ళు. ఉత్తరపు ఒడ్డున దిగిన ఆ ప్రయాణికుల్లో ఆ ఈడువాళ్ళూ ఉండే ఉంటారు.