తపాలా సర్వర్ల కథ: మూలము, పాఠాంతరము

సొంత సైటు పెట్టుకున్నవారికి త్వరలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది: ఆ సైటు పేరున ఉత్తరాలు అందుకోవడానికీ పంపడానికీ ఏ మెయిల్ సర్వరును పెట్టుకోవాలి? సెండ్‌మెయిల్, ఎక్సిమ్, క్యూమెయిల్, పోస్ట్‌ఫిక్స్ అని నాలుగు పేర్లు వినిపిస్తాయి. కుర్రవాళ్ళు ఒక్క మాటలో తేల్చేస్తారు. తెలుగు పండితుడిగా బతికినవాణ్ణి కనుక నాకు మాత్రం ఏ గ్రంథమైనా దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే గాని చేతబట్ట బుద్ధి పుట్టదు.

వీటిలో పెద్దది సెండ్‌మెయిల్. 1979లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ రాసిన డెలివర్‌మెయిల్ దీనికి పూర్వరూపం. అప్పట్లో కంప్యూటర్ల వలలు అనేకం, చిరునామా రాసే తీరు ఒక్కొక్కచోట ఒక్కొక్కటి. ఈ చిరునామాలను మార్చి రాసి ఉత్తరాన్ని సాగనంపే దుబాసీ ఒకడు కావలసివచ్చాడు. 1982 ఆగస్టులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్.ఎఫ్.సి. 821తో ఎస్.ఎం.టి.పి. పద్ధతి స్థిరపడింది. మరుసటి ఏడు బర్కిలీ యూనిక్స్‌తోపాటు సెండ్‌మెయిల్ బయటికి వచ్చింది. డాలరు గుర్తులు, నక్షత్రాలు, కోణపు కుండలీకరణాలు నిండిన దాని నియమాల దస్త్రాన్ని చూసినవారికి పాణిని సూత్రాలు నయమనిపిస్తాయి. దానిమీద వెలువడిన ప్రసిద్ధ గ్రంథం ముఖచిత్రం గబ్బిలం, పుటలు వేయికి పైమాట. జాషువా గబ్బిలం కూడా సందేశం మోసినదే కదా!

ఈ దుబాసీకి ఉన్న చిక్కల్లా, ఒక్కడే అన్ని పనులూ చేయడం, అదీ యంత్రంమీద సర్వాధికారంతో. 1988 నవంబరు 2న కార్నెల్ విద్యార్థి రాబర్ట్ మారిస్ వదిలిన పురుగు ప్రోగ్రాము ప్రవేశించిన దారులలో ఒకటి, సెండ్‌మెయిల్‌లో పరీక్షకోసం ఉంచిన డీబగ్ అనే పెరటివాకిలి. అప్పటి ఇంటర్నెట్‌లోని సుమారు 60,000 యంత్రాలలో 6,000 దాని వాతబడ్డాయని ఒక అంచనా.

తరువాత వచ్చినవారు ఈ పాఠాన్ని వేరువేరుగా చదువుకున్నారు. 1995లో కేంబ్రిడ్జిలో ఫిలిప్ హేజల్ మొదలుపెట్టిన ఎక్సిమ్ ఒకే ప్రోగ్రాముగానే ఉండిపోయింది. అదే ఏడాది చివర డేనియల్ బెర్న్‌స్టీన్ చేపట్టిన క్యూమెయిల్ మాత్రం పనిని చిన్న చిన్న ప్రోగ్రాములకు పంచింది. గుమ్మం దగ్గర ఉత్తరం అందుకునేవాడి చేతిలో బీరువా తాళం ఉండదు. వరుసలో పేర్చేవాడు వేరు, ఊరి బయటికి మోసేవాడు వేరు. ఒకడిని దొంగ లోబరచుకున్నా ఇల్లంతా దోచలేడు. 1997లో, భద్రతాలోపం చూపినవారికి 500 డాలర్లు ఇస్తానని బెర్న్‌స్టీన్ ప్రకటించాడు.

ఇక్కడే నాకు మన తాళపత్రాలు గుర్తుకు వచ్చాయి. క్యూమెయిల్‌ను ఎవరైనా చదువుకోవచ్చు, వాడుకోవచ్చు. కాని మార్చిన ప్రతిని పంచడానికి ఆయన అనుమతి లేదు. దిద్దదలచినవారు మూలం జోలికి పోకుండా, అడుగున వ్యాఖ్య చేర్చినట్లు, అతుకులు విడిగా పంచుకోవాలి. 1998 నాటి 1.03 ప్రతి దగ్గరే మూలం ఆగిపోయింది. చెత్త ఉత్తరాలు పెరిగాయి, పంపేవారిని గుర్తించడం, దారిలో గుప్తీకరించడం తప్పనిసరి అయ్యాయి. ప్రతిదానికీ ఒక అతుకే. ఒక అతుకుతో మరొకదానికి పొసగదు. 2007 నవంబరులో ఆయన హక్కులన్నీ వదులుకున్నాడు గాని, అప్పటికే జనం మరొకవైపు తరలిపోయారు. ఆ పంతం వెనుక ఉన్న శ్రద్ధను నేను తక్కువ చేయను; ప్రక్షిప్తాలు గ్రంథాన్ని ఎంత పాడుచేస్తాయో ఎరుగుదును. కాని వేమన పద్యాలు ప్రతికీ ప్రతికీ పాఠం మారుతూనే కదా 1829 నాటికి బ్రౌన్ అచ్చువేసేదాకా బతికివచ్చాయి!

జనం తరలినది పోస్ట్‌ఫిక్స్ వైపు. ఐ.బి.ఎం. పరిశోధనాలయంలో వీట్సె వెనెమా రాసి 1998 డిసెంబరులో విడుదల చేసినది. పని పంచే సూత్రం ఇక్కడా ఉంది; కాని ఇది మార్చుకోనిచ్చింది, పైగా బయటికి సెండ్‌మెయిల్‌లా ప్రవర్తించి పాతవారిని ఇబ్బంది పెట్టలేదు. 2003లో మ్యాక్, 2010లో రెడ్ హ్యాట్ సెండ్‌మెయిల్ స్థానంలో దీనిని కూర్చోబెట్టాయి.

ఎవరికీ పూర్తి అభయం దొరకలేదు. 2005లో గియోర్గి గునిన్‌స్కీ క్యూమెయిల్‌లో చూపిన లోపాన్ని, ఒక్క ప్రోగ్రాముకు అంత మెమరీ ఎవరూ ఇవ్వరంటూ బెర్న్‌స్టీన్ కొట్టిపారేశాడు. అది నిజంగానే పారుతుందని 2020లో క్వాలిస్ సంస్థవారు నిరూపించారు. 2019లో ఎక్సిమ్‌లోనూ సర్వాధికారం చేజారే రంధ్రం బయటపడింది.

మా పూర్వవిద్యార్థుల సైటుకు నేను పోస్ట్‌ఫిక్స్‌నే ఎంచుకున్నాను. దానికి మరొక కారణం మన లిపి. పోస్టెల్ నాటి పద్ధతి ఏడు బిట్ల అక్షరాలనే మోయగలదు. అందుకే అమెరికాలోని తెలుగువారు 1990లలో రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో, తెలుగును ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నారు. ఉత్తరంలోపలికి తెలుగు తరువాత వచ్చింది గాని, కవరు మీద చిరునామాలో రావడానికి 2012 నాటి ఆర్.ఎఫ్.సి. 6531 దాకా ఆగవలసివచ్చింది. పోస్ట్‌ఫిక్స్ 2015లో, 3.0 ప్రతితో, దానిని చేర్చుకుంది.

కాబట్టి ఇప్పుడు నా శిష్యుల పేర్లు ఎట్ గుర్తుకు ఎడమవైపు, ఒత్తులతో దీర్ఘాలతో సహా నిలబడతాయి. అవతలి సర్వరుకు ఆ విద్య రాకపోతే ఉత్తరం తిరుగుటపాలో వచ్చేస్తుంది. అందుకని ప్రతివారికీ ఇంగ్లీషు అక్షరాలలో ఒక మారుపేరు కూడా కట్టి ఉంచాను. రెండు పేర్లకూ పెట్టె ఒక్కటే.