నాదోపాసనలో నిత్యాభ్యాసము



దసరా నవరాత్రులలో సరస్వతీ పూజనాడు వీణను, వయొలినును పీటపై నుంచి గంధపుష్పాక్షతలతో అర్చించు ఆచారము మనలో కలదు. విజయదశమినాడు ఆ వాద్యమును కన్నులకద్దుకొని మరల అభ్యాసము ప్రారంభింపవలెను. కాని నేడు అనేక గృహములలో ఆ వాద్యము తిరిగి గవిసెనలో చేరి, మరుసటి దసరావరకు వెలుపలికి వచ్చుట లేదు. ఇట్టి పూజవలన వాగ్దేవి సంతోషించునా? ఈ విషయమున పెద్దల చరిత్ర మనకేమి బోధించుచున్నదో విచారింతము.

పతంజలి మహర్షి యోగసూత్రములలో అభ్యాసము దృఢపడుటకు మూడు నియమములను చెప్పెను. అది చిరకాలము సాగవలెను, ఎడతెగక సాగవలెను, ఆదరముతో సాగవలెను. ఇవి మనస్సును నిలుపుటకై చెప్పినవే యైనను, మన సంగీత చరిత్రలో వీనికి చక్కని నిదర్శనములు కలవు.

మొదట ఆదరము. కర్ణాటక సంగీత పితామహుడని కీర్తిగాంచిన పురందరదాసు (1484-1564) స్వరావళులు, జంటస్వరములు, అలంకారములు అను క్రమమున బాలపాఠములను ఏర్పరచెనని సంప్రదాయము. ఈ పాఠములు మాయామాళవగౌళలో నుండుటలో ఒక సౌలభ్యము కలదు. ఆ రాగమున స, రి, గ, మల నడుమ ఎంతెంత దూరము కలదో ప, ద, ని, సల నడుమను అంతంత దూరమే కలదు. పూర్వార్ధమున నేర్చినది ఉత్తరార్ధమున మరల అక్కరకు వచ్చును. సరళీస్వరములు పసివాండ్ర పాఠములని చులకన చేయువారు ఈ సూక్ష్మమును గుర్తింపవలెను. మూడు కాలములలో శ్రుతిశుద్ధముగా వానిని వాయించుట పెద్దలకును పరీక్షయే.

రెండవది చిరకాలము. త్యాగరాజస్వామి (1767-1847) 96 కోట్ల రామనామ జపము చేసిరని పరంపరగా చెప్పుదురు. ఆ సంఖ్యను వినినంతనే మనకు గుండె జారును. కాని దినమునకు 1,25,000 చొప్పున లెక్కించినచో 7,680 దినములు, అనగా సుమారు 21 సంవత్సరములగును. కొండంత సంఖ్యను నాటి నాటి నియమమే కరిగించినది. ఆ మహనీయుని నాదమునకు నామము పునాదియైనది.

మూడవది ఎడతెగకుండుట. ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1893లో బెంగుళూరులో జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. చూపు మందగించుటచే పాఠశాల చదువు సాగలేదు. వయొలిన్ మాత్రము సాగినది. అన్నగారే తొలి గురువు. 1919లో విజయనగరమున సంగీత కళాశాల ఏర్పడినప్పుడు, విద్యార్థిగా చేరబోయిన ఆయన వాద్యమును విని అధ్యాపకునిగా నియమించిరని చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసుగారి పిదప 1936లో ఆ కళాశాలకే అధ్యక్షులైరి. 1941లో సంగీత కళానిధి బిరుదము, 1957లో పద్మశ్రీ ఆయనను వరించినవి. చదువు ఆగినచోట సాధన ఆగనందుననే గదా ఈ ఫలము!

మేమును బాల్యమున వారమంతయు వీణ ముట్టక, ఆదివారమున నాలుగు గంటలు ఏకబిగిని వాయించి లోటు తీర్చుకొనజూచితిమి. వ్రేళ్లు కందినవే గాని పాఠము నిలువలేదు. గురువుగారు కోపింపక, "ఏడు దినముల అన్నము ఒక్కపూట తినగలవా నాయనా?" అని మాత్రమడిగిరి. ఆ మాట నేటికిని మా చెవులలో మ్రోగుచున్నది.

కావున నిత్యదీపమువలె నిత్యసాధనకును ఒక వేళ, ఒక చోటు ఏర్పరచుకొందము. అరగంటయైనను చాలును. శ్రుతి చేర్చి, విళంబకాలమున ఆరంభించి, తడబడిన చోటును మాత్రమే మరల మరల వాయింతము. బంధువులు వచ్చిననాడు, ప్రయాణమున్ననాడు ఒక్క సరళియైనను పలికింతము. ఒకనాడు తప్పినచో మరునాడు రెట్టింపు చేయనక్కరలేదు, యథావిధిగా కూర్చున్న చాలును. పిల్లలను గదిలోనికి పంపి తలుపు వేయక, పెద్దలు ప్రక్కన కూర్చుండి వినవలెను. వినువారు లేని యింట వాద్యము త్వరలోనే మూగవోవును.

గవిసెనలోని వీణలు ఈ సాయంకాలమే వెలుపలికి వచ్చుగాక! శారదాంబ మన వ్రేళ్లకు నియమమును, మన మనస్సులకు నిలుకడను ప్రసాదించుగాక!