కోవాగ్జిన్ మూడో దశ క్లినికల్ పరీక్ష
హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ సంస్థ భారత వైద్య పరిశోధన మండలితో కలిసి రూపొందించిన కోవిడ్ టీకా సామర్థ్యాన్ని తేల్చడానికి 2020 నవంబరులో దేశంలోని 25 ఆసుపత్రులలో మొదలైన పరీక్ష ఇది. 25,798 మంది వాలంటీర్లను యాదృచ్ఛికంగా, అంటే ఎవరి ఎంపికకూ తావులేకుండా, రెండు సమూహాలుగా విభజించి, ఒకదానికి టీకాను, మరొకదానికి టీకా పదార్థం లేని ప్లాసిబోను నాలుగు వారాల వ్యవధిలో రెండు మోతాదులుగా ఇచ్చారు. ఎవరికి ఏది అందిందో వాలంటీర్లకు గానీ పరిశోధకులకు గానీ తెలియనివ్వని ఈ పద్ధతిని ద్వంద్వ అంధ పరీక్ష అంటారు. రెండో మోతాదు తీసుకున్న కనీసం రెండు వారాల తరువాత లక్షణాలతో కోవిడ్ నిర్ధారణ అయినవారు టీకా సమూహంలో 24 మంది, ప్లాసిబో సమూహంలో 106 మంది కావడంతో సామర్థ్యం 77.8 శాతంగా తేలింది. ఈ ఫలితాలు రాకముందే, 2021 జనవరిలో, అత్యవసర వినియోగానికి అనుమతి ఇవ్వడం విమర్శకు గురైంది. పూర్తి వివరాలు అదే ఏడాది నవంబరులో లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి.