పెన్సిల్ సంతకం ఏం చెబుతుంది? ముద్రణ చిత్రాల మౌలికతపై రాయలసీమ నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

సమకాలీన స్టిల్ లైఫ్ (నిశ్చల వస్తువుల చిత్రణ) కళాకారుల పని ఇప్పుడు చాలా ఇళ్లకు సంతకం చేసిన ప్రింటు రూపంలోనే చేరుతోంది. సంతకం ఉంది కాబట్టి అది ‘ఒరిజినల్’ అన్న నమ్మకం కొనేవారిలో బలంగా ఉంది. ఈ వ్యాసం ఆ నమ్మకాన్ని మూడు వైపుల నుంచి పరీక్షిస్తుంది: తెలుగు ఇళ్లలో అచ్చు బొమ్మల అనుభవం, ముద్రణ కళాకారుల పనితీరు, భారతీయ చట్టం. సంతకం చిత్రకారుడి అంగీకారాన్ని మాత్రమే చెబుతుందనీ, మౌలికతను తేల్చేది ఆ ముద్ర ఏ ప్లేటు నుంచి, ఎవరి చేతి మీదుగా వచ్చిందన్న విషయమేననీ దీని ప్రతిపాదన.

కీలక పదాలు: ముద్రణ చిత్రం, స్టిల్ లైఫ్, ఎడిషన్, ఎచింగ్, ఎన్. కృష్ణారెడ్డి, మొరాండి, కాపీరైట్

1. సమస్య

గుంతకల్లు రైల్వే జంక్షన్‌గా పేరున్న ఊరు. గ్యాలరీలకు పేరున్న ఊరు కాదు. ఇక్కడి వారు బొమ్మ కొనాలంటే బెంగళూరో హైదరాబాదో వెళ్లినప్పుడు చూసి తెచ్చుకోవాలి, లేదా కొరియర్‌లో తెప్పించుకోవాలి. అలా వచ్చిన ఒక ప్రింటును ఊహించుకుందాం. ఇత్తడి చెంబు, రెండు నిమ్మకాయలు, మడత పెట్టిన నూలుగుడ్డ. బొమ్మ కింద ఎడమ పక్క 12/50 అన్న అంకె, కుడి పక్క పెన్సిల్‌తో సంతకం. యాభై ప్రతుల్లో పన్నెండోదని దాని అర్థం. అంతవరకు స్పష్టమే. కానీ ఇది చిత్రకారుడు ముద్రణ కోసమే చేసిన కృతా, లేక ఆయన నూనెరంగుల బొమ్మకు తీసిన నకలా? ఆ విషయం అంకె చెప్పదు, సంతకమూ చెప్పదు.

2. అచ్చులోనే ఉన్న సంతకం

తెలుగు ఇంటికి ముద్రిత చిత్రం కొత్తది కాదు. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి, తన బొమ్మల ఓలియోగ్రాఫులను, అంటే నూనెరంగుల బొమ్మల్లా కనిపించే రంగు అచ్చులను, అమ్మకానికి తెచ్చాడు. అప్పటికే, 1871లో, రాయచూరు దగ్గర రెండు కంపెనీల పట్టాలు కలిసి బొంబాయి–మద్రాసు రైలు దారి పూర్తయింది. గుంతకల్లు ఆ దారి మీదిదే కాబట్టి బొంబాయి అచ్చులు ఇక్కడికి చేరే మార్గం అప్పటికే ఉంది. దేవుడి పటం గుడి దాటి సామాన్యుడి గోడకెక్కింది ఆ కాలంలోనే. ఆ తర్వాత శివకాశి క్యాలెండర్లు వచ్చాయి. ఈనాటికీ గుంతకల్లు పక్కనున్న కసాపురం నెట్టికంటి ఆంజనేయస్వామి దర్శనానికి వెళ్లినవారు అంగట్లో పటం కొనుక్కుని వస్తారు. అలాంటిదే వేల ఇళ్లలో ఉందని తెలిసినా ఆ పటం విలువ వారికి తగ్గదు. అందరి ఇంట్లో ఉండటమే దాని బలం.

తెలుగు పాఠకుడికి చిత్రకారుడి సంతకమూ బాగా తెలుసు. ‘చందమామ’ అట్టమీద వడ్డాది పాపయ్య సంతకాన్ని, వారపత్రికల్లో బాపు సంతకాన్ని దూరం నుంచే గుర్తుపట్టిన తరాలు ఉన్నాయి. కానీ అవి బొమ్మతో పాటే అచ్చయిన సంతకాలు. ఎన్ని ప్రతులు వేస్తే అన్ని సంతకాలు. అవి కర్త ఎవరో చెబుతాయి. చేతిలో ఉన్న కాగితాన్ని ఆయన ముట్టుకున్నాడని చెప్పవు. మనకు అలవాటైన సంతకం ఇది. మార్జిన్‌లో పెన్సిల్‌తో చేసే సంతకం వేరే వ్యవస్థకు చెందింది. ఈ రెండూ ఒకటే అనుకోవడం దగ్గరే కొనేవారి తికమక మొదలవుతుంది.

3. పెన్సిల్ సంతకం ఎక్కడి నుంచి వచ్చింది

ఐరోపాలో పాతకాలపు ముద్రణకారులు తమ గుర్తును ప్లేటు మీదే చెక్కేవారు. డ్యూరర్ తన పేరులోని ఏ, డీ అక్షరాలను కలిపి పెట్టిన గుర్తు అలాంటిదే. మార్కాంటోనియో రైమోండి డ్యూరర్ బొమ్మలతో పాటు ఆ గుర్తునూ నకలు చేశాడంటే, ప్లేటులోని సంతకానికి రక్షణ ఎంత తక్కువో తెలుస్తుంది. పంతొమ్మిదో శతాబ్దం చివరి భాగంలో ఫొటో సాయంతో నకళ్లు తీసే పద్ధతులు చౌకయ్యాయి. చేతి ఎచింగును (లోహపు ప్లేటు మీద ఆమ్లంతో గీతలు తొలిచి తీసే ముద్రను) ఆ నకళ్ల నుంచి వేరుచేసి చూపాల్సిన అవసరం కళాకారులకు ఏర్పడింది. విస్లర్, సీమోర్ హేడెన్ వంటివారు ఒక్కొక్క ముద్ర మీద పెన్సిల్‌తో సంతకం చేయడాన్ని వాడుకలోకి తెచ్చారు. 12/50 వంటి ఎడిషన్ అంకెలు ఆ తర్వాత స్థిరపడ్డాయి. 1960లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ కళాకారుల సమావేశం సంతకాన్నీ అంకెనూ మౌలిక ముద్రకు గుర్తులుగా చెబుతూనే, ప్లేటును కళాకారుడే తయారుచేసి ఉండాలన్న షరతు కూడా పెట్టింది.

బజారు మొదటి సగాన్ని ఉంచుకుని రెండో సగాన్ని వదిలేసింది. దానికి పరాకాష్ఠ చిత్రకారుడు సాల్వడార్ డాలీ ఉదంతం. 1974లో ఆయన సంతకం చేసిన ఖాళీ కాగితాలు వేల సంఖ్యలో ఫ్రెంచి కస్టమ్స్ అధికారుల కంటబడ్డాయి. బొమ్మ పుట్టక ముందే సంతకం పుడితే, ఆ సంతకం దేనికి సాక్ష్యం?

4. నందనూరు నుంచి పారిస్‌కు: కృష్ణారెడ్డి పద్ధతి

సంతకం వెనక ఎంత పని ఉండవచ్చో చూపే గొప్ప ఉదాహరణ రాయలసీమలోనే పుట్టింది. ఎన్. కృష్ణారెడ్డి 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో జన్మించారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, మద్రాసు కళాక్షేత్రలో బోధించి, లండన్ స్లేడ్ స్కూలు మీదుగా పారిస్ చేరారు. అక్కడ శిల్పి జాడ్కిన్ దగ్గర శిల్పం, ముద్రణ కళాకారుడు హేటర్ నడిపే ‘అటెలియే 17’ కార్యశాలలో ముద్రణ అభ్యసించారు. తరువాత న్యూయార్కులో స్థిరపడి అక్కడే బోధించారు. 1972లో పద్మశ్రీ అందుకున్నారు, 2018లో న్యూయార్కులోనే కన్నుమూశారు.

అంతకుముందు రంగుల ఎచింగ్ అంటే సాధారణంగా రంగుకో ప్లేటు. హేటర్, కృష్ణారెడ్డి, అక్కడి తోటి కళాకారుడు కైకో మోతీ కలిసి ఒకే ప్లేటు నుంచి ఒకే దెబ్బకు అన్ని రంగులూ తీసే పద్ధతిని రూపొందించారు. ప్లేటును వేర్వేరు లోతుల్లో తొలుస్తారు. అవిసెనూనె ఎక్కువ కలిపిన పలుచని సిరాను గట్టి రోలరుతో పై అంచులకు పట్టిస్తారు. నూనె తక్కువున్న చిక్కని సిరాను మెత్తని రోలరుతో లోపలి అంతస్తులకు దించుతారు. పలుచని సిరా ఉన్నచోట చిక్కనిది అంటదు కాబట్టి రంగులు కలిసిపోకుండా పక్కపక్కనే నిలుస్తాయి. శిల్పి కావడంతో కృష్ణారెడ్డి ప్లేటును లోతు తక్కువ శిల్పంలా మలిచారు. చేప, పురుగు, నీటి సుడి వంటివి ఆయన ప్రింట్ల వస్తువులు.

ఈ పద్ధతిలో ప్రతి ముద్రకూ ప్లేటుకు సిరా మళ్లీ పట్టించాలి. రోలరు ఒత్తిడి, సిరా చిక్కదనం కాస్త మారినా రంగు మారుతుంది. అందువల్ల ఒకే ఎడిషన్‌లోని రెండు ముద్రలు అచ్చంగా ఒకేలా ఉండవు. అంకె ఇక్కడ ప్రతుల లెక్కే చెబుతుంది. అవన్నీ ఒకటేనన్న హామీ ఇవ్వదు. ఇలాంటి చోట పెన్సిల్ సంతకానికి నిండైన అర్థం ఉంది: ఈ ముద్ర ఇలా రావడం నాకు సమ్మతమేనని కళాకారుడు ఒక్కో కాగితాన్ని చూసి చెప్పిన మాట అది.

5. స్టిల్ లైఫ్ ముద్రణ: మొరాండి నుంచి నేటి వరకు

స్టిల్ లైఫ్ విషయంలో ఇదే ప్రమాణానికి సరిపోయేవాడు ఇటలీ చిత్రకారుడు జార్జియో మొరాండి (1890–1964). బొలోన్యా అకాడమీలో 1930 నుంచి 1956 దాకా ఎచింగ్ బోధించాడు. రంగుల్లో వేసిన సీసాలనూ గిన్నెలనూ ప్లేటు మీద గీతలతో మళ్లీ కట్టాడు. నీడ కావాలంటే ఒకదానికొకటి అడ్డంగా గీసిన గీతల సాంద్రత పెంచాడు, వెలుగు కావాలంటే కాగితాన్ని ఖాళీగా వదిలాడు. 1953లో సావో పాలో బియెనాల్‌లో ఆయనకు బహుమతి వచ్చింది ముద్రణకే. తెలుగువారిలో ఈ గీతల శక్తిని ఎచింగులో చూపినవారు మెదక్ ప్రాంతపు నిజాంపూర్‌లో 1940లో పుట్టిన కె. లక్ష్మాగౌడ్. ఆయన వస్తువు స్టిల్ లైఫ్ కాదు, పల్లె మనుషులూ మేకలూ. కానీ ఎచింగు ఆయనకు మరో చిత్రానికి నకలు కాదు.

నేటి స్టిల్ లైఫ్ ప్రింట్లలో అధికభాగం తయారయ్యే దారి వేరు. చిత్రకారుడు కాన్వాసు మీద బొమ్మ వేస్తాడు. దాన్ని స్కాన్ చేసి, పిగ్మెంట్ సిరాల ఇంక్‌జెట్ యంత్రంతో నూలు కాగితం మీద అచ్చువేస్తారు. 1990ల మొదట్లో కాలిఫోర్నియాలో మొదలైన ఈ పద్ధతిని జిక్లే అంటారు. చిత్రకారుడు రంగులు సరిచూసి సంతకం చేస్తాడు. ఇందులో మోసం లేదు, నాణ్యతా తక్కువేం కాదు. కానీ ముద్రణలో కొత్తగా పుట్టిన రూపమంటూ ఏదీ లేదు. సెరిగ్రాఫ్, అంటే తెర ముద్రణ, చేతి ఎచింగుకూ జిక్లేకూ మధ్య నిలుస్తుంది. తోట వైకుంఠం తెలంగాణ స్త్రీల చిత్రాలు ఆ రూపంలోనూ ప్రచారంలో ఉన్నాయి. రంగుకో తెర చొప్పున పని సాగుతుంది కాబట్టి స్టెన్సిల్ చేత్తో కోశారా, ఫొటో పద్ధతిలో తీశారా అన్నది ఇక్కడ అసలు ప్రశ్న.

6. చట్టం ఏమంటుంది

భారత కస్టమ్స్ టారిఫ్ ఈ తేడాను విస్పష్టంగా గుర్తించింది. కళాకృతులకు కేటాయించిన 97వ అధ్యాయంలో 9702 శీర్షిక మౌలిక ఎన్‌గ్రేవింగులు, ప్రింట్లు, లితోగ్రాఫులది. కళాకారుడు పూర్తిగా చేత్తో చేసిన ప్లేట్ల నుంచి నేరుగా తీసిన ముద్రలే ఇందులోకి వస్తాయని, యాంత్రిక, ఫొటో-యాంత్రిక పద్ధతులు చెల్లవని అధ్యాయపు నోటు చెబుతుంది. ఆ నిర్వచనంలో సంతకం ప్రస్తావనే లేదు. జిక్లే నకలు, ఎవరు సంతకం చేసినా, మామూలు ముద్రిత చిత్రాలతో పాటు 4911 కిందికి పోతుంది.

కాపీరైట్ చట్టం (1957) లోనూ గమనించదగ్గ ఖాళీ ఒకటుంది. 1994 సవరణతో చేరిన 53ఏ సెక్షన్ ప్రకారం, పదివేల రూపాయలు దాటి తిరిగి అమ్ముడైన చిత్రం, శిల్పం, డ్రాయింగ్ మూలప్రతులపై కర్తకు వాటా హక్కు ఉంది. అది పది శాతానికి మించదు. అదే చట్టం నిర్వచనాల్లో ఎన్‌గ్రేవింగును వేరుగా పేర్కొని, ఎచింగులనూ లితోగ్రాఫులనూ ప్రింట్లనూ అందులో చేర్చింది. 53ఏలో మాత్రం ఎన్‌గ్రేవింగ్ పేరు లేదు. కృష్ణారెడ్డి నెలల తరబడి మలిచిన ప్లేటు నుంచి వచ్చిన ముద్ర, ఆ సెక్షన్ అక్షరాల ప్రకారం చూస్తే, ఒక పెన్సిల్ స్కెచ్ కన్నా బలహీనమైన స్థితిలో ఉంది.

7. కాగితాన్ని చదవడం, కాపాడటం

నిపుణులు దగ్గర లేనిచోట కాగితమే సాక్షి. ఎచింగు అయితే బొమ్మ చుట్టూ ప్లేటు అంచు నొక్కిన గుంత ఉంటుంది, గీత మీద సిరా కాస్త ఉబ్బి వేలికి తగులుతుంది. భూతద్దం కింద ఆఫ్‌సెట్ ముద్రలో చుక్కలు వరుసగా, పువ్వు ఆకారంలో కనిపిస్తాయి. ఇంక్‌జెట్ చుక్కలు చల్లినట్టుంటాయి. సెరిగ్రాఫులో రంగు సమతలంగా, పొరలుగా పేరుకుంటుంది.

గుంతకల్లు ఉన్న అనంతపురం జిల్లాలో ఏటా సగటున 550 మిల్లీమీటర్ల దగ్గరే వాన పడుతుంది. ఈ పొడిగాలి కాగితానికి ఒకందుకు మేలు: కోస్తాలోలాగా బూజు తొందరగా పట్టదు. ముప్పు ఎండతో, దుమ్ముతో, చెదలతో. వరండాలోకి కొట్టే వెలుతురు కొన్నేళ్లలోనే రంగులను తినేస్తుంది. మ్యూజియాలు కాగితం మీది కృతులకు 50 లక్సుల వెలుగును హద్దుగా పెట్టుకుంటాయి. పటం కట్టించేటప్పుడు వెనక మామూలు అట్ట బదులు ఆమ్లం లేని అట్ట వేయమనాలి, గాజు బొమ్మకు తగలకుండా మౌంటు పెట్టమనాలి.

8. ముగింపు

సంతకం చేసిన ప్రింటును మూడు ప్రశ్నలతో అంచనా వేయవచ్చు. ముద్రకు ఆధారమైన ప్లేటును ఎవరు చేశారు? ఈ కాగితాన్ని ఎవరు అచ్చు తీశారు? ఎడిషన్ పూర్తయ్యాక ఆ ప్లేటును గీతకొట్టి రద్దు చేశారా? మొదటి ప్రశ్నకు కళాకారుడి పేరు వస్తే అది మౌలిక ముద్ర. రాకపోతే అది మంచి నకలు, దానికి తగిన ధరే దానికి న్యాయం. స్కాన్ ఫైలును రద్దు చేశామని నిరూపించడం కష్టం కాబట్టి, జిక్లే విషయంలో 50 అన్న అంకె అమ్మేవాడి మాట మీదే నిలబడుతుంది. అందుకే ఈ మూడు జవాబులనూ రాతపూర్వకంగా ప్రింటుతో పాటు ఇవ్వడం తెలుగు రాష్ట్రాల గ్యాలరీలకు నియమం కావాలి. 53ఏ సెక్షన్‌లో ఎన్‌గ్రేవింగును చేర్చాలన్న డిమాండును కళాకారుల సంఘాలు ముందుకు తేవాలి. ఈ రెండూ జరిగితే నిమ్మకాయల బొమ్మ కొన్న గుంతకల్లు మనిషికి తాను దేనికి డబ్బు పెట్టాడో తెలుస్తుంది, ప్లేటు మీద చేయి అరగదీసుకున్న కళాకారుడికి తన పనిని స్కాన్ నకలుతో ఒకే గాటన కట్టరన్న భరోసా దొరుకుతుంది.