‘కళింగపట్నం’ అని కొడితే ‘ఫలితాలు లేవు’ అంటోందా? సైట్‌ సెర్చ్‌ బాగుచేసుకోండిలా..

బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినపడగానే సిక్కోలు తీరంలో ఫోన్లు బయటికొస్తాయి. కళింగపట్నంలో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక పెట్టారు? తీరం ఎక్కడ దాటుతుంది? వేటకెళ్లినోళ్లు తిరిగొచ్చారా? టీవీ ముందు కూర్చునే తీరిక లేనివాళ్లు ఏదో ఒక న్యూస్‌ సైట్‌ తెరిచి, సెర్చ్‌ బాక్సులో ఊరి పేరు కొడతారు. అక్కడ ‘ఫలితాలు లేవు’ అని వస్తుంది. వార్త లేక కాదు. సైట్‌లో పది స్టోరీలు, నాలుగు వీడియోలు ఉంటాయి. సెర్చ్‌కే అవి కనపడవు.

ఇది చిన్న విషయం కాదు. 2021 సెప్టెంబర్‌ 26 రాత్రి గులాబ్‌ తుపాను తీరం దాటింది కళింగపట్నానికి ఉత్తరంగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలోనే. 2018 అక్టోబర్‌ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని చిందరవందర చేసింది. అలాంటి రాత్రి ఒక ఊరి పేరు వెతికితే దొరకాలా, వద్దా? చిన్న లోకల్‌ న్యూస్‌ సైట్లు, యూట్యూబ్‌ ఛానల్‌తో పాటు వెబ్‌సైట్‌ నడుపుకునేవాళ్లు చాలావరకు వర్డ్‌ప్రెస్‌ మీదే ఉన్నారు కాబట్టి దాన్నే తీసుకుని చూద్దాం.

ముందు చూసేవాళ్లకు ఒక చిట్కా

సైట్‌ బాగుపడేదాకా ఆగలేం కదా. పేరు మొత్తం కొట్టకండి. ‘కళింగపట్న’ అని, చివర సున్నా లేకుండా ఆపేయండి. ‘కళింగపట్నం’, ‘కళింగపట్నంలో’, ‘కళింగపట్నానికి’.. అన్నీ పడతాయి. ‘తాజా వార్తలు వీడియో’ లాంటి మాటలు తగిలించొద్దు. వర్డ్‌ప్రెస్‌ మామూలు సెర్చ్‌ మీరు కొట్టిన ప్రతి మాటా స్టోరీలో ఉండాలంటుంది. ఒక్కటి లేకపోయినా ఆ స్టోరీని పక్కన పెట్టేస్తుంది. మైక్‌ నొక్కి మాట్లాడేవాళ్లకైతే ఇంకో ఇబ్బంది. పది మాటలు, అంతకు మించి చెబితే వర్డ్‌ప్రెస్‌ వాటిని విడదీయదు. మొత్తాన్ని ఒకే వాక్యంగా తీసుకుని, అదే వాక్యం అచ్చంగా ఎక్కడుందా అని వెతుకుతుంది. ఎక్కడుంటుంది? ఉండదు. రెండు మాటల్లో అడగండి చాలు.

ళ, ల.. అసలు గొడవ ఇక్కడే

ఫోన్‌లో ఇంగ్లీష్‌ అక్షరాలు కొట్టి తెలుగు తెప్పించుకునే కీబోర్డులు చాలామంది వాడతారు. వాటిలో చాలావాటికి ‘ళ’ రావాలంటే పెద్ద ఎల్‌ కొట్టాలి, లేదా పైన వచ్చే సూచనల్లోంచి ఎంచుకోవాలి. హడావుడిలో అదెవరు చేస్తారు? ‘కలింగపట్నం’ అని వస్తుంది. మనకు రెండూ ఒకటే ఊరు. డేటాబేస్‌కు మాత్రం ళ వేరు, ల వేరు. దీనికి తోడు ‘కళింగపట్టణం’ అని రాసే డెస్కులూ ఉన్నాయి. తుపాను పేర్లయితే చెప్పనక్కర్లేదు. తిత్లీ, తిత్లి, టిట్లీ.. మూడు రకాలుగా అచ్చయింది. ఊరి పేర్లూ అంతే. శ్రీకాకుళాన్ని హెడ్డింగుల్లో సిక్కోలు అంటాం, పాత రికార్డుల గురించి రాస్తే చికాకోల్‌ అంటాం.

దీనికి మందు పర్యాయపదాల పట్టిక. రెలెవాన్సీ లాంటి సెర్చ్‌ ప్లగిన్‌ సెట్టింగ్స్‌లో ‘సినానిమ్స్‌’ అని ఒక పెట్టె ఉంటుంది. అందులో కలింగపట్నం ఈక్వల్‌ కళింగపట్నం అని రాయాలి. ఇది ఒకవైపే పనిచేస్తుంది, తిరగేసి కూడా రాయాలి. ఇంగ్లీష్‌ అక్షరాల్లో ఊరి పేరు కొట్టేవాళ్ల కోసం ఆ స్పెల్లింగూ చేర్చాలి. చాలామంది పట్టిక రాసేసి ‘పనిచేయట్లేదు’ అంటారు. కారణం ఏంటంటే, ప్రతి మాటా ఉండాల్సిందే అనే ‘ఆండ్‌’ పద్ధతిలో పర్యాయపదం పెడితే, అదీ ఉండాలి ఇదీ ఉండాలి అన్నట్టు తయారవుతుంది. ఫలితాలు పెరగాల్సింది పోయి తగ్గుతాయి. ‘ఆర్‌’ పద్ధతికి మార్చుకుంటే తీరిపోతుంది. న్యూస్‌ సైట్‌కు ఎలాగూ ‘ఆర్‌’ నయమని మా అభిప్రాయం. సంబంధం లేనివి నాలుగు వచ్చినా పర్వాలేదు, అసలుది కింద ఎక్కడో అయినా దొరుకుతుంది.

కంటికి కనపడని అక్షరం

కళింగపట్నం బీచ్‌లో 1876 నాటి లైట్‌హౌస్‌ ఉంది. ఆ ‘లైట్‌హౌస్‌’ మాటనే మీ సైట్‌లో వెతికి చూడండి. మంచి పరీక్ష అది. ‘ట్‌’ కింద ‘హ’ ఒత్తుగా పడిపోకుండా మధ్యలో ఒక కనపడని గుర్తు వేస్తాం. దాని పేరు జీరో విడ్త్‌ నాన్‌ జాయినర్‌. పొల్లు విడిగా నిలబడేది దాని వల్లే. డెస్క్‌లో కంప్యూటర్‌ మీద కొట్టినవాళ్లు ఈ గుర్తు వేస్తారు. ఫోన్‌లో వెతికేవాళ్లు వేయరు, చాలామందికి అది ఉందనే తెలీదు. అంతే, మాట కలవదు.

ఇదే మాటలో ఇంకో మెలిక కూడా ఉంది. ‘లై’లో ఉన్న ఐత్వాన్ని యూనికోడ్‌లో రెండు రకాలుగా దాచొచ్చు. ఒకే గుర్తుగా ఒకటి, ఎత్వం ప్లస్‌ కింది తోకగా రెండోది. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. లోపల మాత్రం వేర్వేరు. ఎక్కడి నుంచో కాపీ చేసి పేస్ట్‌ చేసిన మ్యాటర్‌లో ఇది తగులుతుంటుంది.

రెండింటికీ ఒకటే దారి. ఇండెక్స్‌ కట్టేటప్పుడు మాటను శుభ్రం చేయాలి, వెతికేవాళ్లు కొట్టిన మాటనూ అలాగే శుభ్రం చేయాలి. కనపడని గుర్తు తీసేయడం, యూనికోడ్‌ను ‘ఎన్‌ఎఫ్‌సీ’ రూపంలోకి తేవడం. పీహెచ్‌పీలో ‘ఐఎన్‌టీఎల్‌’ ఎక్స్‌టెన్షన్‌ ఉంటే ‘నార్మలైజర్‌’ అనే క్లాస్‌ రెండో పని చేసిపెడుతుంది. హోస్టింగ్‌ వాళ్లను అడిగితే ఆన్‌ చేస్తారు. ఒక్క జాగ్రత్త. అసలు స్టోరీలోంచి ఆ గుర్తును తీసేయకండి. తీస్తే లైట్‌హౌస్‌ తెర మీదే చెడిపోతుంది. శుభ్రం చేయాల్సింది ఇండెక్స్‌లోని కాపీని మాత్రమే.

వల దొరకదు, అల దొరకదు

సెర్చ్‌ ప్లగిన్లు మరీ చిన్న మాటల్ని వదిలేస్తాయి. రెలెవాన్సీలో మామూలుగా మూడు అక్షరాల కంటే తక్కువుంటే లెక్కలోకి రాదు. ఇంగ్లీష్‌కు ఇది బాగానే ఉంటుంది. తెలుగులో లెక్క వేరు. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా అన్నీ విడివిడిగా ఒక్కో అక్షరమే. కాబట్టి ‘ఊరు’ మూడు, ‘వాన’ మూడు, పాసైపోతాయి. ‘వల’, ‘అల’ రెండే, బయటే ఆగిపోతాయి. మత్స్యకారుల ఊళ్ల వార్తలు రాసే సైట్‌లో వల అని వెతికితే ఏమీ రాకపోతే ఎలా ఉంటుంది! ఇండెక్సింగ్‌ ట్యాబ్‌లో ‘మినిమమ్‌ వర్డ్‌ లెంగ్త్‌’ను 2 చేయండి. చేశాక ‘బిల్డ్‌ ద ఇండెక్స్‌’ నొక్కాలి. నొక్కకపోతే పాత ఇండెక్సే నడుస్తుంది, ఏమీ మారదు.

గార కొడితే బంగారం వస్తోంది

కళింగపట్నం ఉన్నది గార మండలంలో. మామూలు వర్డ్‌ప్రెస్‌ సెర్చ్‌లో ‘గార’ అని కొట్టండి. పైన బంగారం ధరలు వచ్చినా ఆశ్చర్యపోవద్దు. బం-గార-ం.. మధ్యలో ఉంది కదా! మామూలు సెర్చ్‌ మాటలో ఎక్కడున్నా పట్టేస్తుంది. సరే, మాట మొదట్లో ఉంటేనే చూపించు అని ప్లగిన్‌కు చెబుదాం. అప్పుడు ‘మంత్రి గారు’, ‘కలెక్టర్‌ గారికి’ అన్నీ దిగుతాయి. పూర్తి మాట కలిస్తేనే చూపించు అంటే గార బాగుపడుతుంది గానీ ‘కళింగపట్నానికి’ పోతుంది. మూడు దారులూ మూసుకుపోయినట్టే.

మధ్యే మార్గం ఉంది. ముందు పూర్తి మాట వెతకమని, ఏమీ దొరక్కపోతేనే ముక్కలు చూడమని రెలెవాన్సీలో ఒక ఆప్షన్‌ ఉంటుంది. అది పెట్టుకోండి. దాంతో పాటు మండలం పేర్లన్నిటికీ ట్యాగులు కట్టండి, ట్యాగులను ఇండెక్స్‌లో చేర్చండి. వర్డ్‌ప్రెస్‌ మామూలు సెర్చ్‌ హెడ్డింగ్‌, సారాంశం, బాడీ.. ఈ మూడే చూస్తుంది. ట్యాగ్‌ను, కేటగిరీని, కస్టమ్‌ ఫీల్డ్‌ను చూడదు. వీడియో పేజీలకు దెబ్బ ఇక్కడే. వీడియో ఎంబెడ్‌ చేసి, కింద రెండు లైన్లు రాసి, ఊరి పేరు ట్యాగ్‌లో మాత్రమే పెట్టి వదిలేస్తాం. వెతికితే ఎందుకొస్తుంది? బ్రేకింగ్‌ ప్లేట్‌ మీద ఊరి పేరు పెద్దక్షరాల్లో ఉన్నా అది బొమ్మే, సెర్చ్‌కు చదవడం రాదు. ఆల్ట్‌ టెక్స్ట్‌ రాసి, దాన్నీ ఇండెక్స్‌లోకి తేవాలి.

ట్యాగులు కట్టేటప్పుడు జిల్లాలు చూసుకోండి. 2022 ఏప్రిల్‌ 4న కొత్త జిల్లాలొచ్చాక పాలకొండ పార్వతీపురం మన్యంలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. అంతకుముందు స్టోరీలన్నీ శ్రీకాకుళం కిందే ఉంటాయి. పాతవాటికి రెండు జిల్లాల ట్యాగూ ఉంచడమే మేలు.

పాత హెచ్చరిక పైకొస్తే..

ఇంతసేపూ దొరకకపోవడం గురించి. దొరికితే ఇంకా ప్రమాదం అనిపించే సంగతి ఒకటుంది. వర్డ్‌ప్రెస్‌ మామూలు సెర్చ్‌ వెతికిన మాట హెడ్డింగ్‌లో ఉన్న స్టోరీని ముందు పెడుతుంది, తేదీని ఆ తర్వాతే చూస్తుంది. ఇవాళ్టి లైవ్‌ పేజీ హెడ్డింగ్‌ ‘ఉత్తరాంధ్రకు తుపాను ముప్పు’ అని, కళింగపట్నం లోపలెక్కడో ఉందనుకోండి. ఎప్పటిదో ‘కళింగపట్నంలో ప్రమాద హెచ్చరిక ఎత్తివేత’ అన్న స్టోరీ ఉంటే అదే పైన కూర్చుంటుంది. ఫోన్‌ తెర మీద హెడ్డింగ్‌ తప్ప ఏం కనపడదు. చీకట్లో, సగం ఛార్జింగ్‌తో చూసే మనిషి తేదీ వెతుక్కుంటాడా? హెచ్చరిక ఎత్తేశారట అని పక్కింటికి చెప్పేస్తాడు.

కాబట్టి ఈ మొత్తంలో ఒక్కటే చేయగలం అనుకుంటే ఇది చేయండి. సెర్చ్‌ ఫలితాలు కొత్తవి ముందు వచ్చేలా మార్చండి. ప్లగిన్‌లో ‘డిఫాల్ట్‌ ఆర్డర్‌’ను తేదీకి పెట్టొచ్చు. ప్లగిన్‌ లేకపోతే ‘ప్రీ గెట్‌ పోస్ట్స్‌’ అనే హుక్‌లో నాలుగు లైన్ల కోడ్‌ సరిపోతుంది. ఆ కోడ్‌ను అసలు థీమ్‌లో రాయొద్దు. థీమ్‌ అప్‌డేట్‌ కాగానే తుడిచిపెట్టుకుపోతుంది. చైల్డ్‌ థీమ్‌లో రాయండి. రెండోది, ఫలితాల పేజీలో ప్రతి హెడ్డింగ్‌ పైన తేదీ, సంవత్సరంతో సహా పెద్దగా కనపడాలి. ‘3 సంవత్సరాల క్రితం’ అని బూడిద రంగులో చిన్నగా వేసే డిజైన్లు అందంగా ఉంటాయేమో గానీ తుపాను రోజు పనికిరావు.

ఇంకొన్ని చిన్నవి

అన్నీ సరిగ్గా పెట్టినా పాత ఫలితాలే వస్తుంటే క్యాష్‌ను అనుమానించండి. సెర్చ్‌ పేజీని గంటల తరబడి దాచే క్యాష్‌ న్యూస్‌కు సరిపడదు. అలాగని పూర్తిగా తీసేస్తే రద్దీ రోజు సర్వర్‌ పడుకుంటుంది, ఎందుకంటే మామూలు సెర్చ్‌ ప్రతిసారీ స్టోరీలన్నీ మొదటి నుంచి చివరిదాకా తిరగేస్తుంది. ఒకట్రెండు నిమిషాల క్యాష్‌ ఉంచుకుంటే చాలు.

తెలుగులో వెతికితే ఎర్రర్‌ పేజీ, ఇంగ్లీష్‌లో వెతికితే బాగానే రావడం.. ఇది సెక్యూరిటీ ప్లగిన్‌ పని అయి ఉండొచ్చు. లింక్‌లో ఒక్కో తెలుగు అక్షరం తొమ్మిది గుర్తులుగా మారుతుంది. ‘కళింగపట్నం’ ఒక్కటే 90 గుర్తులు. అంత పొడుగు లింక్‌ చూసి దాడి అనుకుని ఆపేస్తుంది. నిడివి పరిమితి పెంచాలి. తెలుగు మాటల చోట ప్రశ్నార్థకాలు కనపడితే మాత్రం సెర్చ్‌ది కాదు, డేటాబేస్‌ క్యారెక్టర్‌ సెట్‌ది సమస్య. యూటీఎఫ్‌8ఎంబీ4లో ఉందో లేదో చూడమనండి. యూనికోడ్‌ రాకముందు పాత ఫాంట్లలో కొట్టిన స్టోరీలు ఏ ప్లగిన్‌ పెట్టినా దొరకవు, వాటిని మార్చి మళ్లీ ఎక్కించాల్సిందే.

ఇక ‘ఫలితాలు లేవు’ పేజీ. దాన్ని ఖాళీగా వదిలేయకండి. తుపాను రోజుల్లో లైవ్‌ పేజీ లింక్‌, అత్యవసర నంబర్లు 112, 1070 అక్కడే పెట్టండి. జనం ఏం వెతికారో లాగ్‌ ఉంచే ఆప్షన్‌ ఆన్‌ చేసి, వారానికోసారి ఏమీ దొరకని మాటల జాబితా చూడండి. పర్యాయపదాల పట్టికలో ఎక్కించాల్సిన పేర్లు అందులోనే ఉంటాయి. వెతికినవాళ్ల ఐపీ అడ్రస్‌ దాచే ఆప్షన్‌ మాత్రం ఆఫ్‌లోనే ఉంచండి, దాంతో మనకు పనిలేదు.