రొద్దం నరసింహ: వాయుగతి శాస్త్రమున ఒక జీవితము

అనంతపురపు సీమ నుండి బెంగుళూరు చేరి స్థిరపడిన కుటుంబములలో కొన్నింటికి ఇంటిపేరొక్కటియే పూర్వగ్రామపు ఆనవాలుగా మిగిలినది. అట్టి పేళ్ళలో రొద్దము ఒకటి. కర్ణాటకపు సరిహద్దునకు చేరువనున్న ఈ గ్రామము నేడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది. ఆచార్య రొద్దం నరసింహ పూర్వులు అచ్చటివారు. వీరు 1933 జూలై 20వ తేదీన జన్మించిరి. తండ్రి ఆర్. ఎల్. నరసింహయ్య సెంట్రల్ కాలేజీలో భౌతికశాస్త్ర అధ్యాపకులు. విజ్ఞాన విషయములను కన్నడమున వ్రాసినవారు.

1953లో ఇంజనీరింగు పట్టము పొందిన యువకునికి రైల్వే కొలువే క్షేమమని హితులు చెప్పిరట. కాని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు ఆవరణలో నిలిపియుంచిన స్పిట్‌ఫైర్ విమానము ఆయన మనస్సును అదివరకే హరించియుండెను. అచ్చట సతీశ్ ధవన్ గురువైరి.

విమానపు రెక్కను అంటి పారెడు పలుచని గాలిపొర మొదట నునుపుగా సాగి, పిదప అల్లకల్లోలమగును. ఒరిపిడియు, వేగము మిక్కుటమైనచో పుట్టెడు వేడియు ఈ మార్పును బట్టియే యుండును. ఈ రెండు స్థితుల నడిమి సంధిప్రదేశమున కల్లోలపు మచ్చలు ఎల్లెడల పుట్టక, ఒక ఇరుకైన పట్టీలోనే పుట్టి దిగువకు వ్యాపించునని నరసింహ ఊహించిరి. గురుశిష్యులు 1958లో ప్రకటించిన పత్రము నేటికిని ఇంజనీర్లకు ఉపకరించుచున్నది. ఖరీదైన యంత్రములు లేని ప్రయోగశాలలో, పాతికేండ్లు నిండని వాని ఊహ ఇది!

1957లో స్పుత్నిక్ ఎగిరిన పిదప, కాలిఫోర్నియాలో హాన్స్ లీప్‌మన్ వద్ద నరసింహ దృష్టి పలుచబడిన వాయువులపైకి మరలెను. ధ్వనిని మించిన వేగమున ఏర్పడు అఘాత తరంగపు లోపలి నిర్మాణమును వారు పరిశోధించిరి. 1961లో డాక్టరేటు పొంది, మరుసటి యేడే బెంగుళూరికి మరలి వచ్చిరి. ఆ రోజులలో ఇది తేలిక నిర్ణయము కాదు. కల్లోలప్రవాహము వడిగా త్వరితమైనచో తిరిగి నునుపగునను విషయమును శిష్యుడు కె. ఆర్. శ్రీనివాసన్‌తో కలిసి 1973లో నిరూపించిరి.

1984 నుండి 1993 వరకు జాతీయ వైమానిక ప్రయోగశాలకు సంచాలకులు. పెద్ద కంప్యూటర్లు విదేశముల అనుమతి లేనిదే లభింపని ఆ దినములలో, వారి ప్రోత్సాహమున 1986లో ‘ఫ్లోసాల్వర్’ అను సమాంతర కంప్యూటరు అచ్చటనే రూపొందెను. 1992లో రాయల్ సొసైటీ సభ్యత్వము, 2013లో పద్మవిభూషణము లభించెను.

చరిత్రపైనను వారికి మక్కువ యుండెను. హైదరు, టిప్పుల సేనలు వాడిన బాణములను గూర్చి 1985లో వ్రాసిన వ్యాసమున, ఇనుప గొట్టమే వాని దూరపు పరుగునకు కారణమని వివరించిరి. ఆంగ్లేయుడు కాంగ్రీవ్ తన రాకెట్లను మలచినది వీనిని చూచిన తరువాతనే. నరసింహ 2020 డిసెంబరు 14న బెంగుళూరులో పరమపదించిరి.